ఇన్‌కం ఒక్కటే చూసుకుంటే స్కాలర్‌షిప్ రాదు

జూన్ దాటి అడ్మిషన్లు మొదలయ్యాయంటే మా ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చే ప్రతి తల్లీ తండ్రీ ముందు అడిగేది ఇదే: "మేడం, ఇన్‌కం ఎంత లోపల ఉండాలె?" ఆ అంకె ఒకటి తెలిస్తే చాలు, మిగతాదంతా దానంతట అదే అయిపోతుందని వాళ్ల నమ్మకం. నేను నల్గొండ జిల్లాలో ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో స్కాలర్‌షిప్ సెక్షన్ చూస్తాను. నా దగ్గర ఆగిపోయిన దరఖాస్తుల్లో ఆదాయం ఎక్కువై ఆగినవి తక్కువ. సీటు ఎలా తీసుకున్నారు, అంతకుముందు ఏం చదివారు, బ్యాంకు ఖాతా ఏ స్థితిలో ఉంది అనే చోట ఆగినవే ఎక్కువ. వీటిలో మొదటి రెండూ అప్లికేషన్ పెట్టేనాటికి మన చేతిలో ఉండవు. అడ్మిషన్ రోజునే తేలిపోయి ఉంటాయి.

ఇక్కడ రాసేది తెలంగాణ ఈ-పాస్, అంటే రాష్ట్ర స్కాలర్‌షిప్‌కు ఆన్‌లైన్‌లో అప్లై చేసే పోర్టల్ గురించి, కొంత కేంద్ర ప్రభుత్వ పథకాల గురించి. ఆంధ్రప్రదేశ్‌లో లెక్కలు వేరు. అక్కడ పొలం ఎకరాలు, ఇంట్లో కారు లాంటివి కూడా చూశారు. ఆ రాష్ట్రం వాళ్లు ఇది చదివి కంగారు పడొద్దు.

రెండు మాటలు ముందే చెప్పాలి. మా భాషలో ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, ఎంటీఎఫ్ అంటే మెయింటెనెన్స్, అంటే పిల్లల ఖర్చులకు ఇచ్చేది. బయట జనం మొదటిదాన్ని "రీయింబర్స్‌మెంట్" అంటారు, రెండోదాన్ని "స్కాలర్‌షిప్" అంటారు. అప్లికేషన్ రెండింటికీ ఒకటే. ఓసీల్లో పేదవాళ్లకు, అంటే ఈబీసీలకు, ఆర్‌టీఎఫ్ మాత్రమే ఉంటుంది, ఎంటీఎఫ్ ఉండదు. అసలు ఓసీలకు ఏమీ రాదనుకుని అప్లై చేయకుండా ఊరుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు క్యాస్ట్ సర్టిఫికెట్ గొడవ కూడా లేదు, ఇన్‌కం సర్టిఫికెట్ చాలు.

ఇక సీటు సంగతి.

కిందటి సీజన్‌లో ఒక నాన్న వచ్చాడు. పాలిథిన్ కవర్లో కాగితాలు ఎంత పద్ధతిగా పెట్టుకున్నాడంటే నాకే ముచ్చటేసింది. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి బోనఫైడ్లు, కొత్తగా తీసిన ఇన్‌కం, క్యాస్ట్, అన్నిటికీ మూడేసి జిరాక్సులు. "మేడం, మా ఇన్‌కం లక్షా ఇరవై వేలే. మా బాబుకు వస్తది గదా?" అని అడిగాడు. అబ్బాయి వేరే ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీలో చేరాడట, అక్కడ సరిగ్గా చెప్పడం లేదని తెలిసినవాళ్లు నా దగ్గరికి పంపారు. కాగితాలన్నీ తిరగేశాను. ఉండాల్సిన ఒక్క కాగితం, కౌన్సెలింగ్ అలాట్‌మెంట్ ఆర్డర్, అందులో లేదు. అడిగితే, "కాలేజోళ్లే డైరెక్టుగా ఇచ్చిన్రు మేడం, ఆఖరి రోజుల సీటు మిగిలిందన్నరు" అన్నాడు. అది స్పాట్ అడ్మిషన్. స్పాట్ సీటుకు, మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. ఆదాయం సున్నా అయినా లేదు.

ఆయనకు చెప్పినప్పుడు చాలాసేపు నమ్మలేదు. "పేదోళ్లకే గదా మేడం ఇచ్చేది" అన్నాడు. నిజమే, కానీ రూలు పేదరికాన్ని ఒక్కదాన్నే చూడదు. ప్రభుత్వం ఫీజు కట్టేది కన్వీనర్, అంటే సర్కారు కౌన్సెలింగ్ నడిపే అధికారి, ఇచ్చిన సీటుకు. ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. డిగ్రీకైతే 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల పద్ధతి ఉంది. దోస్త్‌లో రిజిస్టర్ చేసుకుని, ఆప్షన్లు పెట్టుకుని, సీటు అలాట్ అయి, సెల్ఫ్ రిపోర్టింగ్ చేస్తేనే ఆ అడ్మిషన్ లెక్కలోకి వస్తుంది. దోస్త్ ఫేజులన్నీ అయిపోయాక స్పాట్‌లో చేరితే చదువుకోవచ్చు, డిగ్రీ కూడా వస్తుంది, ఫీజు మాత్రం సొంతంగా కట్టుకోవాలి. ఈ ముక్కను చేర్చుకునేటప్పుడు గట్టిగా చెప్పే కాలేజీలు ఉన్నాయి, నసిగే కాలేజీలూ ఉన్నాయి. సీటు తీసుకోకముందే "ఇది కన్వీనర్ సీటా, స్పాటా" అని నోరు తెరిచి అడగండి. అడిగినందుకు ఎవరూ సీటు లాక్కోరు.

ఇంజినీరింగ్ వాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కన్వీనర్ సీటైతే ఆ కాలేజీకి ఖరారైన ఫీజు మొత్తం వస్తుంది. బీసీ, ఈబీసీ పిల్లలకు మామూలుగా ప్రవేశ పరీక్షలో ర్యాంకు 10,000 లోపు ఉంటేనే మొత్తం. ఆపైన ర్యాంకైతే ప్రైవేట్ కాలేజీలో ఏడాదికి 35,000 రూపాయలు మాత్రమే. కాలేజీ ఫీజు లక్ష ఉంటే మిగతా 65,000 ఇంట్లోవాళ్లు కట్టాలి. వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు కాలేజీ పేరు, బ్రాంచి చూసి మురిసిపోతారు, ఈ తీసివేత మాత్రం చేయరు. నాలుగేళ్లకు ఎంతవుతుందో కాగితం మీద వేసుకోండి. సర్కారు ఇంజినీరింగ్ కాలేజీలో సీటు వచ్చే అవకాశం ఉంటే ఊరు దూరమని వదులుకోవద్దని మా చుట్టాల పిల్లలకు నేను ఎప్పుడూ చెప్తాను.

ఇప్పుడు ఆదాయానికి వద్దాం. టెన్త్ తర్వాతి చదువులకిచ్చే కేంద్ర పోస్ట్‌మెట్రిక్ పథకంలో ఎస్సీ, ఎస్టీలకు తల్లిదండ్రుల ఏడాది ఆదాయం 2.5 లక్షల లోపు ఉండాలి. మన రాష్ట్రంలో బీసీ, ఈబీసీ, మైనారిటీలకు పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఈ పల్లె, పట్నం తేడా నాకు ఎప్పటికీ మింగుడుపడదు. ఔట్‌సోర్సింగ్‌లో అటెండర్‌గా చేసే ఒకాయన జీతం నెలకు 15,600. పన్నెండు నెలలకు 1,87,200. ఆయన మున్సిపాలిటీలో ఉంటే కూతురికి అర్హత ఉంది. రోజూ అదే ఆఫీసుకు బస్సులో వచ్చిపోయే ఆయన పక్క సీటు మనిషి, జీతం అంతే, ఇల్లు మాత్రం ఊళ్లో. ఆయన కూతురికి లేదు. బస్ చార్జీ అదనంగా పెట్టుకునే మనిషికే సాయం లేకపోవడం ఏం లెక్కో!

జీతం స్లిప్పు ఉన్నవాళ్లే ఇలా ఇరుక్కుంటారు. స్లిప్పు లేనివాళ్ల సర్టిఫికెట్లు చూస్తే, ఇద్దరు ముగ్గురు ఇళ్లు కట్టించి అద్దెకిచ్చినాయనకూ, ఉపాధి హామీ పనికెళ్లే ఆవిడకూ ఒకే అంకె ఉంటుంది: అరవై వేలు. మా సెక్షన్‌లో దాన్ని "జాతీయ ఆదాయం" అని నవ్వుకుంటాం. నవ్వుకునే విషయం కాదనుకోండి.

ఎవరి ఆదాయం లెక్కేస్తారు అన్నది చాలామందికి తెలియదు, అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను. ఎస్సీల పోస్ట్‌మెట్రిక్ మార్గదర్శకాల్లో చాలాకాలంగా ఉన్న రూలు ఇది: తల్లిదండ్రుల్లో ఒకరైనా బతికి ఉన్నంతవరకు వాళ్ల ఆదాయమే లెక్క, ఇంట్లో ఇంకెవరు సంపాదిస్తున్నా అది కలపకూడదు. అంటే అన్న హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా, తాతకు పెన్షన్ వస్తున్నా వాటిని కలపరు. పెళ్లయి, ఉద్యోగం లేని అమ్మాయి చదువుకుంటుంటే భర్త ఆదాయం చూస్తారు. పెళ్లయ్యాక డిగ్రీలో చేరిన అమ్మాయిలు పుట్టింటి నుంచి నాన్న పేరు మీద ఇన్‌కం తెచ్చి ఇస్తారు. అది చెల్లదని చెప్తే మళ్లీ మీసేవ, మళ్లీ తహసీల్దార్ ఆఫీసు, మళ్లీ ఆర్‌ఐ గారి ఎంక్వయిరీ. ముందే భర్త పేరుతో తీసుకుంటే ఆ తిప్పలు ఉండవు. తల్లిదండ్రుల జీతంలో ఇంటి అద్దె భత్యం ఉండి, దానికి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంటే, దాన్ని కూడా ఈ లెక్కలోంచి తీసేయవచ్చని అదే మార్గదర్శకాల్లో ఉంది. ఇది వాడుకున్నవాళ్లను నేను చూడలేదు.

ఇక్కడే ఇంకో గందరగోళం. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు 8 లక్షలు, ఓబీసీ నాన్ క్రీమీలేయర్‌కూ 8 లక్షలు అని విని, "మాది ఆరు లక్షలే, వస్తది" అని వస్తారు. అవి రిజర్వేషన్ కోసం. సీటు తెచ్చిపెడతాయి, ఫీజు కట్టవు. ఈడబ్ల్యూఎస్ కాగితం పట్టుకొచ్చి ఈబీసీ కింద అప్లై చేస్తామంటే కుదరదు.

ముందు ఏం చదివారన్నది మూడో అడ్డంకి. ఒక స్థాయి చదువు పూర్తయ్యాక మళ్లీ అదే స్థాయిలో ఇంకోటి చదివితే ఇవ్వరు. బీఏ అయ్యాక బీకాం చదువుతానంటే చదువుకోండి, డబ్బు మాత్రం రాదు. డిగ్రీ తర్వాత పీజీ అయితే పై మెట్టు కాబట్టి ఇబ్బంది లేదు. ఈ రూలు నాకు సబబుగానే అనిపిస్తుంది. ఇబ్బందల్లా మధ్యలో మానేసిన వాళ్లతోనే. ఫస్టియర్‌లో స్కాలర్‌షిప్ తీసుకుని, కాలేజీ నచ్చక మానేసి, తర్వాతి ఏడాది ఇంకో కోర్సులో ఫ్రెష్‌గా చేరి, పాత సంగతి చెప్పరు. ఈ-పాస్‌లో మన టెన్త్ హాల్‌టికెట్ నంబరే జాతకం. అది కొట్టగానే పాత అప్లికేషన్ ఐడీ బయటికొస్తుంది. దాచిపెట్టి లాభం లేదు. మొదటిరోజే చెప్తే పాత కాలేజీతో మాట్లాడి ఏం చేయొచ్చో చూస్తాం.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా బోనఫైడ్లు ఎందుకని విసుక్కుంటారు. మీరు ఇక్కడి లోకల్ అని చూపించేవి అవే. మధ్యలో రెండేళ్లు గుంటూరులో అమ్మమ్మ దగ్గర చదివి ఉంటే ఆ బోనఫైడ్లు కూడా తెచ్చుకోండి. స్కూలు మూతపడి ఉంటే ముందుగానే ఎంఈఓ ఆఫీసులో అడగండి. ఆఖరి వారంలో ఎవరూ దొరకరు.

చేరాక 75 శాతం హాజరు ఉండాలి. రెన్యూవల్ ఏటా చేసుకోవాలి, దానంతట అది అవదు. డిటెయిన్ అయి అదే ఏడాది మళ్లీ చదివితే ఆ ఏడాదికి రాదు. వీటి గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

చెప్పాల్సింది బ్యాంకు ఖాతా గురించి. "ఆధార్ లింక్ అయింది మేడం" అని పాస్‌బుక్ చూపిస్తారు. లింక్ వేరు, సీడింగ్ వేరు. బ్యాంకు తన రికార్డులో మీ ఆధార్ నంబర్ రాసుకోవడం లింక్. ప్రభుత్వం ఆధార్ నంబర్ మీద వేసే డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. అందులో మీ ఆధార్ ఎదురుగా ఆ బ్యాంకు పేరు ఎక్కడం సీడింగ్. ఒక ఆధార్‌కు అందులో ఒక్క బ్యాంకే ఉంటుంది, ఆఖరున ఏది సీడ్ అయితే అది. పిల్లలకు మూడు నాలుగు ఖాతాలు ఉంటున్నాయి. స్కూల్లో జీరో బ్యాలెన్స్‌తో తెరిచింది ఒకటి, ఇంటర్‌లో ఇంకోటి, కొత్త సిమ్ కొన్నప్పుడు షాపులో వేలిముద్ర వేయించుకుని వాళ్లే తెరిచేసింది మరొకటి. మా విద్యార్థిని ఒకమ్మాయికి ఎంటీఎఫ్ పడిందని మా స్క్రీన్ మీద కనిపిస్తోంది, ఆమె పాస్‌బుక్‌లో లేదు. ఇద్దరం కూర్చుని ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూశాం. ఎప్పుడో సిమ్‌తో పాటు తెరిచిన ఖాతా పేరు వచ్చింది. అలాంటిది ఒకటుందని కూడా ఆ అమ్మాయికి తెలియదు. డబ్బు అందులో భద్రంగానే ఉంది! ఎస్సీ విద్యార్థులకు తన 60 శాతం వాటాను నేరుగా విద్యార్థి ఖాతాలోనే వేయాలని కేంద్రం 2021 మార్గదర్శకాల్లో పెట్టింది కాబట్టి ఈ సీడింగ్ విషయం ఇక చిన్నది కాదు. మీ ఆధార్ నంబర్, ఓటీపీ ఉంటే రెండు నిమిషాల పని, ఇప్పుడే చూసుకోండి.

ఈ-పాస్‌లో అర్హత లేనివాళ్లు అంతటితో ఆగిపోనక్కర్లేదు. కేంద్రం నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో సెంట్రల్ సెక్టార్ స్కీమ్ అని ఒకటుంది. ఇంటర్‌లో మీ బోర్డులో, మీ గ్రూపులో పాసైనవాళ్లలో 80 పర్సంటైల్ పైన ఉండి, ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే అప్లై చేయొచ్చు. డిగ్రీ మూడేళ్లు ఏడాదికి 12,000, పీజీలో 20,000. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు, వందమందిలో ఎనభైమంది కంటే ముందుండటం. 80 శాతం మార్కులొచ్చినా ఆ పర్సంటైల్‌లో ఉండకపోవచ్చు. కేంద్ర సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ గుర్తించిన డిప్లొమా, ఇంజినీరింగ్ కోర్సుల్లో చేరిన అమ్మాయిలకు ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 50,000, ఆదాయ పరిమితి 8 లక్షలు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు. మన బీసీ అమ్మాయిలు ఆదాయం 1.5 లక్షలు దాటి ఈ-పాస్ రాక, ప్రగతి సంగతి తెలియక రెండు విధాలా నష్టపోతున్నారు.

రెండూ పెట్టేద్దాం, ఏది వస్తే అది అనుకునేవాళ్లకు ఒక మాట. సెంట్రల్ సెక్టార్ స్కీమ్ తీసుకునేవాళ్లు రాష్ట్ర స్కాలర్‌షిప్ గానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ తీసుకోకూడదు. 12,000 కోసం అంతకంటే పెద్ద ఫీజు పోగొట్టుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఏది లాభమో లెక్క చూసుకుని ఒకటే పెట్టండి.

అర్హత వేరు, డబ్బు రావడం వేరు అని మీరు అనబోతున్నారని తెలుసు. సాంక్షన్ అవుతుంది, ట్రెజరీలో టోకెన్ పడుతుంది, అక్కడే నెలలు గడుస్తాయి. బకాయిల కారణంగా కాలేజీలు టీసీలు, మెమోలు ఆపుతున్న సంగతీ తెలుసు. అది రాస్తే ఇంకో పోస్టు అవుతుంది, మా ప్రిన్సిపాల్ గారు చదివినా చదువుతారు.

ప్రస్తుతం నా టేబుల్ మీద ఉన్నది ఫస్టియర్ బీఎస్సీలో చేరిన ఒక ఎస్సీ అమ్మాయి ఫైలు. నాన్న తాపీ పని, అన్న డెలివరీ బాయ్. ఎంక్వయిరీకి వచ్చినాయన అన్న సంపాదన కూడా కలిపేసి 2.8 లక్షలని రాశారు, దాంతో పోర్టల్‌లో ముందుకు వెళ్లలేదు. ఇంతకుముందు చెప్పిన ఆ మార్గదర్శకాల పేజీ ప్రింట్ తీసి, ఆ వాక్యం కింద గీత గీసి, అమ్మాయి చేతికిచ్చి పంపాను. "ఎవరు పంపిన్రు అనడిగితే ఏం చెప్పాలె మేడం?" అంది. కాలేజీ అని చెప్పు, నా పేరు చెప్పకు అన్నాను. మొన్న 1.3 లక్షలతో కొత్త సర్టిఫికెట్ వచ్చింది. తీరా అప్లికేషన్ తెరిస్తే ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, టెన్త్ మెమోలో ఒక్క అక్షరమే ఉంది, పేర్లు కలవడం లేదని చూపిస్తోంది. ఆధార్ సెంటర్‌లో స్లాట్ దొరికితే సోమవారం వెళ్తుంది.